డోలొరెస్ హార్ట్ వదులుకున్నదేమిటి

1963 జూన్‌లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, పది సినిమాలు చేసిన హాలీవుడ్ నటి డోలొరెస్ హార్ట్ కనెక్టికట్ రాష్ట్రంలోని బెత్లెహెమ్ అనే చిన్న ఊళ్లో ఉన్న రెజీనా లౌడిస్ మఠంలో చేరారు. బెనెడిక్ట్ సభకు చెందిన కథోలిక మఠకన్యల ఆశ్రమమది. ఇలాంటి వార్త వినగానే మనసు తనంతట తానే ఒక కథ అల్లేసుకుంటుంది. వెలుగుల లోకంలోని డొల్లతనం కనిపించింది, విరక్తి పుట్టింది, దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది అనుకుంటాం. మన భక్తుల చరిత్రల్లోనూ, క్రైస్తవ పునీతుల చరిత్రల్లోనూ ఈ మూస బాగా పాతది. హార్ట్ విషయంలో ఈ కథ తప్పని నా వాదన. సన్న్యాసమంటే ఏమిటన్న ప్రశ్నకు కూడా అది అన్యాయం చేస్తుంది. విలువ లేనిదాన్ని వదిలించుకోవడానికి త్యాగమన్న పేరు అక్కర్లేదు. వదిలినది మంచిదైనప్పుడే, ప్రేమించినదైనప్పుడే ఆ ప్రశ్న నిజంగా మొదలవుతుంది.

ఆమె ప్రేమించారనడానికి ఆధారాలు బాల్యం నుంచీ ఉన్నాయి. 1938లో చికాగోలో పుట్టిన ఆమె చాలాకాలం తాత, అమ్మమ్మల దగ్గర పెరిగారు. తాత సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. ఆయన ప్రొజెక్టర్ గదిలో కునుకు తీస్తుంటే ఈ పిల్ల శబ్దం లేకుండా బొమ్మ చూస్తూ, రీలు అయిపోయే వేళకు ఆయన్ను లేపేది. ఇంటికి దగ్గరని కథోలిక బడిలో వేస్తే, పదేళ్లకే తనంతట తాను ఆ మతంలో చేరింది. అంటే సినిమా, విశ్వాసం ఆమె జీవితంలోకి ఇంచుమించు చేతులు పట్టుకునే వచ్చాయి. ఒకటి రెండోదాన్ని తరిమేసిన దాఖలా ఎక్కడా లేదు. 1957లో ‘లవింగ్ యూ’లో, మరుసటి ఏడు ‘కింగ్ క్రియోల్’లో ఎల్విస్ ప్రెస్లీతో నటించారు. ‘లోన్లీహార్ట్స్’లో మాంట్‌గొమరీ క్లిఫ్ట్, ‘వైల్డ్ ఈజ్ ద విండ్’లో ఆనా మన్యానీ వంటి ఉద్దండులతో పని చేశారు. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలం మీద ‘ద ప్లెజర్ ఆఫ్ హిజ్ కంపెనీ’ నాటకానికి థియేటర్ వరల్డ్ పురస్కారం అందుకున్నారు, టోనీకి నామినేట్ అయ్యారు. అపజయం గానీ, అపవాదు గానీ ఆమెను మఠానికి తోయలేదు. ఎదుగుతున్న దశలోనే ఆమె వెళ్లిపోయారు.

మరో తేలిక వివరణ కూడా ఉంది. 1961లో వచ్చిన ‘ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ’లో ఆమె పునీత క్లారా పాత్ర వేశారు. ధనిక కుటుంబాన్ని కాదని 1212లో అసీసీ పునీతుడు ఫ్రాన్సిస్ మార్గంలోకి నడిచిన యువతి క్లారా. రెండేళ్లకు నటి కూడా అదే దారి పట్టింది గనుక పాత్రే మనిషిని మింగేసిందని చెప్పడం రుచిగా ఉంటుంది. క్రైస్తవ సంప్రదాయంలో దీనికి ముందు నుంచీ ఒక అచ్చు ఉంది కూడా. రోములో జెనేసియుస్ అనే నటుడు చక్రవర్తి ఎదుట జ్ఞానస్నానాన్ని వెక్కిరిస్తూ నటించబోయి, రంగస్థలం మీదే నిజంగా మారిపోయి, ప్రాణమిచ్చాడని గాథ. నటులకు ఆయనే పాలక పునీతుడు. కానీ తేదీలు ఈ వివరణను ఒప్పుకోవు. హార్ట్ మొదటిసారి రెజీనా లౌడిస్‌కు వెళ్లింది బ్రాడ్‌వే నాటకం ఆడుతున్న రోజుల్లో, క్లారా పాత్రకు ముందే. అలసిపోయి విశ్రాంతి కోసం వెళ్లి, అక్కడే ఉండిపోవాలన్న ఆలోచన మదర్ బెనెడిక్ట్ డస్ ముందు పెడితే, ఇంకా చిన్నదానివి, వెళ్లి నీ పని చేసుకోమని ఆ మఠ స్థాపకురాలు వెనక్కి పంపారు. పాత్ర వల్ల పిలుపు పుట్టలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ నాటకమే. హార్ట్‌ను అందరూ సినిమా తారగా గుర్తుపెట్టుకుంటారు గానీ, మఠజీవితానికి ఆమెను సిద్ధం చేసింది రంగస్థలమని నాకు అనిపిస్తుంది. సినిమా నటన ఒకసారి చేస్తే నిలిచిపోతుంది, అరవై ఏళ్ల తర్వాత కూడా ‘కింగ్ క్రియోల్’ చూడవచ్చు. బ్రాడ్‌వేలో అలా కాదు. వారానికి ఎనిమిది ప్రదర్శనలు, అవే మాటలు, అవే అడుగులు, నెలల తరబడి. ప్రతి రాత్రీ తెర పడగానే ఆ రాత్రి పని పూర్తిగా మాయమవుతుంది. మర్నాడు మళ్లీ మొదటి నుంచీ, మొదటిసారి అన్నట్టుగానే పలకాలి. రెజీనా లౌడిస్‌లో మఠకన్యలు రోజుకు చాలాసార్లు, నడిరాత్రి కూడా లేచి, లాటిన్‌లో గ్రెగోరియన్ బాణీలో కీర్తనలు పాడతారు. నూట యాభై కీర్తనలనూ వారంలో ముగించి మళ్లీ మొదలుపెట్టాలని ఆరో శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి చెబుతుంది. ఇక్కడా అవే మాటలు, ఇక్కడా చేసిన పనికి చూపించుకోవడానికి ఏమీ మిగలదు. మాటలు తనవి కావు. అయినా వాటిని తన గొంతులో నిజం చేయాలి. నటన అబద్ధమనీ ప్రార్థన నిజమనీ చెప్పేవాళ్లు ఈ పోలికను గమనించరు. ఒకరు రాసిన మాటను పూర్తి మనసుతో పలకడమనే సాధన రెండుచోట్లా ఉంది. మఠంలో చప్పట్లు మాత్రం ఉండవు.

చర్చి చరిత్ర ఈ మాటకు అడ్డు చెబుతుందని నాకు తెలుసు. నటులను అది శతాబ్దాల పాటు అనుమానంగానే చూసింది. 1673లో ఫ్రెంచి నాటకకర్త, నటుడు మోలియేర్‌ను రాత్రిపూట గుట్టుగా పూడ్చాల్సి వచ్చింది. 1730లో ఫ్రెంచి నటి అడ్రియెన్ లెకూవ్రర్‌కు క్రైస్తవ ఖననమే దక్కలేదు. ఆ వారసత్వం ఉన్న మతంలో చేరి, నటి తన వృత్తిని పాపంగా ప్రకటించి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. హార్ట్ దానికి విరుద్ధంగా నడుచుకున్నారు. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీలో తన సభ్యత్వాన్ని వదులుకోలేదు, మఠం నుంచే ఓటు వేస్తూ వచ్చారు. 1982లో మఠం నేలమీద బయలు నాటకశాల తెరుచుకుంది. ఆ పనికి సాయపడిన పెట్రీషియా నీల్ కూడా గొప్ప నటే. జీవితమంతా దెబ్బల మీద దెబ్బలు తిని, చివరి రోజుల్లో కథోలికురాలై, 2010లో అదే మఠం నేలలో ఆమె సమాధి అయ్యారు. 2012లో హార్ట్ మీద తీసిన లఘు డాక్యుమెంటరీ ఆస్కార్‌కు నామినేట్ అయినప్పుడు హార్ట్ మఠవస్త్రాలతోనే ఆ వేడుకకు వెళ్లారు. వదిలినదాన్ని అసహ్యించుకునే మనిషి చేసే పనులు కావివి.

అయితే గట్టి ప్రశ్న ఇక్కడే లేస్తుంది. నటన మంచిదే అయితే వదలడం దేనికి? గీత పద్దెనిమిదో అధ్యాయం చదివినవారు మరింత సూటిగా అడుగుతారు. కర్మఫలాన్ని విడిచిపెడితే చాలు గదా, కర్మనే విడవాల్సిన పనేమిటి? క్రైస్తవుల్లో ఇదే ప్రశ్న తలాంతుల ఉపమానం రూపంలో వస్తుంది. యజమాని ఇచ్చిన ధనాన్ని భూమిలో పాతిపెట్టిన సేవకుడు చివాట్లు తిన్నాడు. మరి ప్రతిభను నాలుగు గోడల మధ్య పాతిపెట్టడం న్యాయమా? దీనికి అందరికీ వర్తించే సూత్రం జవాబుగా దొరకదు, దొరకాలనుకోవడమే పొరపాటు. నటులందరూ మఠాల్లో చేరాలని హార్ట్ జీవితం చెప్పదు. ఒక మనిషికి మాత్రమే వర్తించే కర్తవ్యం ఉండగలదని మాత్రం చెబుతుంది. బిడ్డను పెంచడానికి కచేరీలు మానుకున్న తల్లిని సంగీత ద్రోహి అనం. ఇక అది నిజమైన పిలుపో, క్షణికావేశమో తేల్చేదెలా అంటే, కాలం తేలుస్తుంది, ఇతరుల పరీక్ష తేలుస్తుంది. మొదటిసారి మఠమే ఆమెను వెనక్కి పంపింది. చేరిన తర్వాత నిత్య మాటపట్టు (జీవితాంతపు ప్రమాణం) దాకా ఏడేళ్లు గడిచాయి, అది 1970లో జరిగింది. తొలి ఏళ్లలో ఎంత ఏడ్చారో ఆమే చెప్పుకున్నారు. సుఖం వెతుక్కుని పారిపోయినవాళ్లు ఏడుస్తూ అక్కడే ఉండిపోరు.

విధేయత పేరుతో ఒక స్వతంత్ర స్త్రీ తన ఇచ్ఛను అప్పగించేసిందన్న అభ్యంతరం దీనికంటే బలహీనమైనది. హాలీవుడ్‌లో ఆమె నిర్మాత హాల్ వాలిస్ కాంట్రాక్టు కింద ఉన్నారు. ఆ పద్ధతిలో తారలను ఒక స్టూడియో మరో స్టూడియోకు అరువిచ్చేది. ఎవరి మాటా వినక్కర్లేని స్వేచ్ఛ ఆమెకు ఏనాడూ లేదు. రెజీనా లౌడిస్ వైద్యవిద్య చదివిన ఒక స్త్రీ 1947లో స్థాపించిన చోటు, స్త్రీలే నడుపుకునే చోటు. అక్కడ హార్ట్ 2001 నుంచి పద్నాలుగేళ్లు ప్రయొరెస్‌గా, అంటే మఠ నిర్వాహకురాలిగా బాధ్యత మోశారు. నరాల జబ్బు కాళ్లను దెబ్బతీస్తే, ఆ జబ్బు ఉన్నవారందరి తరఫున 2006లో వాషింగ్టన్ వెళ్లి అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు.

తీసిపారేయలేని అభ్యంతరం ఒకటుంది. మఠంలో చేరేనాటికి ఆమెకు పెళ్లి నిశ్చయమై ఉంది. ఆమె దాన్ని రద్దు చేసుకున్నారు. ఆ వ్యక్తి మరెవరినీ పెళ్లాడలేదు. దశాబ్దాల పాటు మఠానికి వచ్చి ఆమెను చూసి వెళ్తూ, 2011లో మరణించారు. దేవుడికి ఇచ్చేది తనది మాత్రమే అయినప్పుడు త్యాగం గురించి మాట్లాడటం సులువు. ఇక్కడ మూల్యంలో కొంత ఆయన చెల్లించారు, ఆయన్ను ఎవరూ పిలవకుండానే. నిశ్చితార్థం వివాహం కాదనీ, మనసు లేని పెళ్లి మరింత క్రూరమనీ చెప్పవచ్చు. రెండూ నిజమే. అయినా ఆయన కోల్పోయినది ఆ వాదాలతో పూడదు. ఆయన రాకను మఠం గానీ ఆమె గానీ దాచలేదు, డాక్యుమెంటరీలో అది ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ నిజాయితీ వల్లే ఆమె మాటను నేను నమ్ముతాను. తాను వదిలినవి నటన అయినా, మనిషి అయినా, విలువ లేనివని ఆమె ఎప్పుడూ నటించలేదు.

కాబట్టి ఆమెను మెచ్చుకోవాలనుకునేవారికి ఒక మనవి. ప్రసంగంలోనో వ్యాసంలోనో ఆమె పేరెత్తేముందు ‘లోన్లీహార్ట్స్’ ఒకసారి చూడండి, అందులో ఆమె ఎంత శ్రద్ధగా పని చేశారో గమనించండి. ఆ తర్వాత హాలీవుడ్‌ను తిట్టకుండా ఆమె గురించి మాట్లాడండి.