ముహూర్తం కాన్పు - మిత్తి బతుకు



బుద్ధ భగవానుడు అనాథపిండికునికి గృహస్థుని సుఖాలు నాలుగు చెప్పాడు. న్యాయంగా సంపాదించిన ధనం ఉండటం, దాన్ని అనుభవించి పుణ్యం చేయటం, ఎవరికీ అప్పు లేకపోవటం, తప్పు చేయకుండా బతకటం. మూడోదాన్ని పాలిలో అనణసుఖం అంటారు. బీడీలు చుట్టే ఇంట్లో, పత్తి ఏరే ఇంట్లో ఆ సుఖాన్ని పోగొట్టే ఖర్చుల్లో దవాఖాన ఖర్చు ముందుంటది.

ఒక్క కాన్పు సంగతే చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. దేశంలోనే ఇది ఎక్కువ. కరీంనగర్ జిల్లాలో నూటికి 80 దాటినయి. రాష్ట్రం మొత్తం మీద ప్రైవేటు దవాఖానల్లో నూటికి 81, సర్కారు దవాఖానల్లో 44. రెండు చోట్లకూ పోయేది మన ఊర్ల ఆడబిడ్డలే. వాళ్ల ఒళ్లల్లో ఇంత తేడా ఉంటదా? అంటే ప్రతి కోతకూ కారణం ఒంట్లోనే లేదన్నమాట.

మరి ఎక్కడుంది? మనిషి దారి తప్పే కారణాలు నాలుగని సిగాలోవాద సుత్తం చెబుతుంది: ఇష్టం, ద్వేషం, భయం, మోహం. ఇందులో మూడు ఇక్కడ కనపడతయి. దవాఖానకు పైసల మీద ఇష్టం. ఇంటోళ్లకు నొప్పులంటే భయం. ఇక మోహం అంటే ముహూర్తం. పంతులుతో గడియ రాయించుకొని, ఆ గడియకే కడుపు కోయించి, పుస్తెలతాడు కుదువపెట్టి బిల్లు కట్టేటోళ్లు మనలోనూ ఉన్నరు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు చదివినోళ్లం మనం. నక్షత్రం బాగలేదని పెండ్లికి పోకుండా ఆగి, పిల్లనే పోగొట్టుకున్నోళ్ల కథ నక్ఖత్త జాతకంలో ఉంది. వాళ్లకు పెండ్లి తప్పింది. మనకు మిత్తి మిగులుతది.

ఆపరేషనే వద్దని కాదు. వైద్యుడు జీవకుడు రాజగృహంలో ఒక శ్రేష్ఠి తల కోసి జబ్బు నయం చేసినట్టు వినయ పిటకంలోనే ఉంది. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లికి బీపీ ముదిరినా కోయాల్సి రావచ్చు, అప్పుడు అప్పయినా చేయాల్సిందే. ప్రాణం కోసం చేసిన అప్పుకు సిగ్గు పడనక్కర లేదు. అవసరం లేని కోతకు చేసిన అప్పు మాత్రం తల్లి ఒంటికీ, పిల్లల చదువుకూ నష్టమే.

ఈ బరువు ఇంటిది మాత్రమే కాదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు మీద మాట్లాడుతూ, ప్రజల క్షేమం ప్రభుత్వం బాధ్యత, ఆ ఖర్చులో ఎక్కువ భాగం అదే మోయాలె అన్నాడు బాబాసాహెబ్. 2011 నుంచి సర్కారు దవాఖానలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, ఉచితం. మందులు, పరీక్షలు, తిండి కూడా. అక్కడ డాక్టరు లేకపోతే అడగాలె. ఆదిలాబాద్ గూడేలల్లో వాగు పొంగితే, నిజంగా ఆపరేషన్ కావాల్సిన తల్లి దవాఖాన చేరుడే కష్టం. వాళ్ల కోసమూ అడగాలె.

గర్భిణి ఉన్న ఇల్లు ఇయ్యాల్టి నుంచే మూడు పనులు చేయాలె. ముహూర్తం అడగొద్దు. కోయాలంటే కారణమేందో డాక్టర్ని అడిగి రాయించుకోవాలె. తొందర లేకపోతే ఇంకో డాక్టరుకు చూపించాలె. ఆదివారం వందనకు వచ్చినప్పుడు ఈ మాట నలుగురికీ చెప్పండి.

భవతు సబ్బ మంగళం.