వామనగుంటల దగ్గర పసివాడు

సింగపూరులో మలయ్ వారికి చోంకాక్ అనే ఆట ఉంది. పడవలాంటి చెక్కబల్ల, రెండు వరుసల్లో సాధారణంగా ఏడేసి గుంటలు, రెండు కొసల్లోనూ చెరొక పెద్ద గుంట. ఆ కొసగుంటలు లేవనుకుంటే మన వామనగుంటల పీటే! మనం చింతపిక్కలు వేస్తాం; వారు గవ్వలో, గోళీలో, ఇక్కడి చెట్ల కింద రాలే ఎర్రని సాగా గింజలో వేస్తారు. నల్లమచ్చ లేని గురివిందలనుకోండి.

ఈ పీట ముందు మూడేళ్ళవాణ్ణి కూర్చోబెట్టి చూడండి. (ఇంకా చిన్నవాళ్ళకు గింజలివ్వకండి, నోట్లో పెట్టుకుంటారు.) మొదట అన్నీ ఒకే గుంటలో పోస్తాడు, తీస్తాడు, మళ్ళీ పోస్తాడు. కొన్నాళ్ళకు గుంటకొక గింజ చొప్పున వేయడం మొదలుపెడతాడు. అంకెలింకా సరిగా రావు. అయినా దీనికొకటి, దానికొకటి అన్న జత కుదిరింది. లెక్కకు పునాది అదే.

సరిగ్గా అప్పుడే మనలోని చదువుకున్న తండ్రి మేలుకుంటాడు. “ఎన్ని వేశావు నాన్నా, చెప్పు?” ఈ ప్రశ్న వేయవచ్చునా అన్నది నా సందేహం.

స్విట్జర్లాండు పండితుడు పియాజే తన ముగ్గురు బిడ్డలను పసితనం నుంచీ గమనించి, 1936లో ఒక గొప్ప గ్రంథం వెలువరించాడు. తరువాత లెక్కల సంగతి చూశాడు. రెండు వరుసలు సమానంగా పేర్చి చూపితే నాలుగైదేళ్ళవాడు సమానమే అంటాడు. వాడి కళ్ళముందే ఒక వరుసను ఎడంగా జరిపి మళ్ళీ అడిగితే, పొడుగు వరుసలో ఎక్కువ ఉన్నాయంటాడు. ఈ వయసుకు ఆ జ్ఞానం రాదని పియాజే తేల్చాడు.

1970లలో స్కాట్లాండులో మెక్‌గారిగల్, డోనాల్డ్‌సన్ అనే ఇద్దరు ఇదే పరీక్షను కొంచెం మార్చారు. వరుసను పెద్దవాళ్ళు కాక, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడించారు. ఈసారి సమానమే అన్న పిల్లలు ఎంతో ఎక్కువమంది! పెద్దమనిషి పనిగట్టుకొని గింజలు జరిపి, అడిగిందే మళ్ళీ అడిగితే, జవాబు మార్చాలి కాబోలునని పిల్లవాడు అనుకుంటాడట. ఎలుగుబంటి గోలలో పిల్లలు మార్పునే సరిగా గమనించలేదన్నవారూ ఉన్నారు. ఉండనీ. మనం అడిగేటప్పుడు వాడు గింజలతోపాటు మన ముఖమూ చదువుతాడన్నది తల్లులందరికీ తెలిసిన సంగతే.

అసలు నష్టం అక్కడుంది. చదువే మనలో చాలామందిని ఈ ఊరు చేర్చింది. బిడ్డ వెనకబడతాడేమోనన్న భయం మనది; దానికి ఇక్కడివారు కియాసూ అని పేరు కూడా పెట్టారు. బడుల్లో ఒకటి, రెండు తరగతుల పరీక్షలను ప్రభుత్వమే 2019లో తీసేసింది. మన ముందుగదిలో మాత్రం మూడేళ్ళవాడికి పరీక్ష నడుస్తూనే ఉంటుంది. తనకు తోచింది చెప్పడం కంటే నాన్నకు నచ్చింది చెప్పడం మేలని వాడు అక్కడే నేర్చుకుంటాడు.

అలాగని చూడడమే మానమంటానా? పిలిస్తే పలకని బిడ్డను, వయసొచ్చినా మాటరాని బిడ్డను గమనించి డాక్టరుకు చూపించకపోవడం ద్రోహం. చూడవలసిందే, కాని ఆటలో కూర్చుని చూడాలి. గింజలు పంచుతూ కావాలని ఒక గుంట వదిలేయండి. “దీనికి వెయ్యలేదు” అని వాడు మీ చెయ్యి పట్టుకుంటే మీ ప్రశ్నకు జవాబు వచ్చినట్టే. ఇదీ పరీక్షే కదా అంటారు. ఔను, కాని ఇందులో తప్పు మీది, దిద్దేవాడు వాడు. పట్టించుకోకపోతే మాత్రం ఏం? మీ వంతు అయింది, గింజలు వాడి చేతికివ్వండి.