ధైర్యం చెప్పేవాడి కోపం

నా కింద పనిచేసే కుర్రవాళ్లెవరైనా ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని భయపడితే, నా నోట ఠక్కున వచ్చే మాట "ఏం కాదులే". అది దయతో అంటున్న మాటేనని చాలాకాలం నమ్మాను. విలియం స్లిమ్ అనే బ్రిటిష్ సేనాని జ్ఞాపకాలు చదువుతుండగా ఆ నమ్మకం కదిలింది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మార్చిలో స్లిమ్ బర్మాలో బాధ్యతలు అందుకునేసరికి రంగూన్ జపాన్‌వాళ్ల చేతికి చిక్కింది. మన కోస్తావాళ్లు 'రంగం' అని పిలుచుకుంటూ, బతుకుతెరువు కోసం ఓడలెక్కి వెళ్లిన ఊరే అది. అక్కడి మనవాళ్లెందరో ప్రాణాలు అరచేత పట్టుకుని అడవుల వెంట నడిచొచ్చిన ఆ నెలల్లోనే, స్లిమ్ సైన్యమూ సుమారు 900 మైళ్లు వెనక్కి నడిచి మణిపూర్ చేరింది.

ఆ రోజుల్లో ఒకసారి, వరసగా చెడ్డ కబుర్లు వస్తున్న వేళ, కింది అధికారులంతా ఆయన ముఖం వైపే చూస్తున్నారు. పరిస్థితి ఇంతకన్నా అధ్వానంగా ఉండొచ్చుగా అని ఆయన సర్దిచెప్పబోయారు. ఎలా అని ఒకరు ఉసూరుమంటూ అడిగారు. అడిగినవాణ్ణి చంపేయాలన్నంత కోపం వచ్చిందట. ఆ కోపాన్ని మింగి, నవ్వు ముఖం పెట్టి, వాన పడుతూ ఉండొచ్చు అన్నారట. రెండు గంటలకల్లా వాన దంచికొట్టింది.

అందరూ నవ్వేది ఆ వానకే. నేను మాత్రం ఆ కోపం దగ్గర ఆగిపోయాను. అది నాకు బాగా తెలిసిన కోపం. ఎదుటివాడి ప్రశ్న, నేను కష్టపడి మూసిపెట్టిన నా భయం మూత తీస్తుంది. అందుకే "ఏం కాదులే" అంటాను. దానికి అసలర్థం, ఇక ఆ మాట ఎత్తకు అని. వాడు తలూపి వెళ్లిపోతే నా మనసు తేలికపడుతుంది. వాడి మనసు సంగతి నేనెన్నడూ అడగలేదు.

స్లిమ్ ఆ కోపాన్ని జయించారని నేననను. దాచుకున్నారు, తర్వాత ఒప్పుకున్నారు, అంతే. కానీ 14వ సైన్యానికి నాయకుడయ్యాక సిపాయిలతో ఆయన మాట్లాడిన తీరు వేరు. ముందు తిండి, జీతం, సెలవు, ఇంటి ఉత్తరాలు. పెద్ద ఆదర్శాలు ఆ తర్వాతే. జర్మనీ యుద్ధానికే మొదటి వంతు, మనకు దక్కేది తక్కువ అని దాచకుండా చెప్పేవారు. నాకైతే ఆ మాట గొంతు దాటదు. చేతకానివాడిలా కనిపిస్తానేమోనని అహం అడ్డుపడుతుంది.

ముందు వరసలో ఉన్నవాళ్లకు సగం రేషనే అందుతున్నప్పుడు తన ప్రధాన కార్యాలయానికీ సగమే పెట్టించారు స్లిమ్. దానివల్ల ఒరిగేది పెద్దగా లేదనీ, అది ముఖ్యంగా ఒక సంకేతమేననీ ఆయనే రాసుకున్నారు. కడుపు కాలితే కార్యాలయంలోని కుర్ర అధికారులు సరఫరా సంగతి తొందరగా చూస్తారన్న లెక్క కూడా ఉంది అందులో. ఇది చదివి కాస్త చిన్నబోయాను. పని ఒత్తిడి రోజుల్లో అందరితోపాటు రాత్రిదాకా కూర్చునే అలవాటు నాకూ ఉంది. అయితే నేను కూర్చోవడం వల్ల ఎవరి పనీ తగ్గదు. ఎవరో ఒకరు చూసి, "సార్ ఇంకా వెళ్లలేదు" అనుకోవాలి. అదీ నా లెక్క.

విమర్శ విషయంలో నేను మరీ తెలివైనవాణ్ణి. ఓపిగ్గా వింటాను, మధ్యలో అడ్డు రాను, చివర థాంక్స్ కూడా చెబుతాను. లోపల మాత్రం మొదటి వాక్యానికే జవాబు సిద్ధమై ఉంటుంది. స్లిమ్‌ని వేలెత్తి చూపడానికి వేరే విమర్శకుడు అక్కర్లేదు. 1944లో కోహిమా మీదికి జపాన్‌వాళ్లు ఒక రెజిమెంటుకు మించి పంపలేరని తాను లెక్కవేస్తే, వచ్చింది ఏకంగా ఒక డివిజన్ అనీ, తన పొరపాటు ఫలితం నుంచి తనను కాపాడింది సిపాయిల తెగువేననీ రాసింది ఆయనే.

అయితే ఆ పుస్తకం, 'డిఫీట్ ఇంటు విక్టరీ', వెలువడింది 1956లో. అప్పటికి యుద్ధం గెలిచి పదకొండేళ్లు. ఓడిపోయి ఉంటే అంత నిబ్బరంగా ఒప్పుకునేవారా అని నాలోని అసూయ అడుగుతుంది. ఆ ప్రశ్న ఆయన్ని వదిలి నా మీదికే తిరుగుతుంది. నాకు గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఉన్నదల్లా ఈ కాగితం. నిజాయితీపరుడని అనిపించుకోవాలన్న ఆశ ఇది రాయడంలోనూ ఉంది. ఉద్యోగం ఉంటుందా అని నన్ను అడిగిన కుర్రాడొకడు ఇంకా పక్క బల్ల దగ్గరే కూర్చుంటున్నాడు. ఇదంతా వాడికి చెప్పలేదు.