హన్నా కుట్టిన అంగీ

(పలమనేరులో ఒక మిషన్ ప్రాథమిక బడి ఏడాది ముగింపు ఆరాధనలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నది.)



హెడ్ టీచరమ్మగారు ఈ ఏడాది సంగతులన్నీ చదివి వినిపించారు. హాజరులో ఎవరు ముందు, పరుగుపందెంలో ఎవరు గెలిచారు, క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు కిరీటం జారి ముక్కు మీద పడితే మన అబ్బోడు డైలాగు మరిచిపోకుండా ఎట్లా చెప్పేశాడు, అన్నీ విన్నాం. కౌండిన్య అడవి అంచు ఊళ్ల పిల్లలు ఏనుగుల మంద దిగిన మర్నాడు బడికి రాలేకపోతే ఆ ఆబ్సెంటును టీచర్లు ఎవరూ తప్పుగా పట్టలేదని కూడా చెప్పారు. సంతోషం. ఆ లెక్క నేను మళ్లీ అప్పజెప్పను. ఏ రిపోర్టులోనూ పేరు రాని ఒక తల్లి సంగతి చెప్తాను.

సమూయేలు మొదటి గ్రంథం మీకు తెలిసిందే. హన్నాకు బిడ్డల్లేరు. సవతి పెనిన్నా మాటలతో పొడిచేది. షిలోహు మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థన చేస్తుంటే, ఏలీ యాజకుడు చూసి ఈమె తాగి వచ్చిందనుకున్నాడు. పెద్దమనిషి, పైగా దేవుని సేవకుడు, ఆయనకే ఏడుపుకూ మత్తుకూ తేడా తెలియలేదు. సరే. బిడ్డ పుట్టాడు. పాలు మాన్పించాక ఆ తల్లి మొక్కుబడి ప్రకారం వాణ్ణి తీసుకెళ్లి మందిరంలో అప్పగించి వచ్చేసింది. ఇంతవరకూ సండే స్కూల్లో చెప్తాం. తర్వాతి మాట చెప్పకుండా దాటేస్తాం. రెండో అధ్యాయంలో ఉంది. ఏటా పండక్కి పోయేటప్పుడు ఆమె వాడికి ఒక చిన్న అంగీ కుట్టుకుని తీసుకుపోయేది.

ఆ అంగీ కాడ నేను చాలా కాలంగా ఆగిపోతున్నాను. బిడ్డ షిలోహులో, తల్లి రామాలో. మళ్లీ చూసేది ఏడాదికి. మరి కొలత ఎట్లా తెలిసింది ఆమెకు? పోయినేడు చూసిన కొలతకు కుడితే ఈ ఏటికి బిగుతైపోతుంది. ఆ వయసు పిల్లలు ఏడాదిలో ఎంత సాగుతారో మీకు చెప్పాలా! ఏం చేసి ఉంటుంది? పక్కింట్లో ఈడు పిల్లోడు ఉంటే వాడి భుజానికి దారం పెట్టి చూసి ఉంటుంది. ఇంకో రెండు వేళ్లు వదులు పెట్టి ఉంటుంది. మన పలమనేరు బజారులో టైలరుతో మీరు ఏమంటారు? "కొంచెం లూజుగా కుట్టన్నా, పైయేటికీ రావాల" అనేగా! ఆ మాట అనని తల్లి ఇక్కడ ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు.

వెనక వరసలో కొందరు ఆడబిడ్డలు కూర్చున్నారు. రాత్రి బస్సుకు బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పొద్దంతా ఎవరెవరివో చొక్కాలు కుడతారు. కాలరు ఒకరు, చేతులు ఒకరు, గుండీలు ఒకరు. ఆ చొక్కాలు ఏ దేశంలో ఎవరు తొడుక్కుంటారో వాళ్లకు తెలీదు. సొంత బిడ్డేమో ఇక్కడ అవ్వ కాడ సంగటి తిని పెరుగుతున్నాడు. వాడి చొక్కా కొలత ఫోన్‌లో అవ్వని అడగాలి. అవ్వ "శానా పెరిగినాడు తల్లీ" అంటుంది. శానా అంటే ఎన్ని అంగుళాలు? మీరు అంచనా వేసి కొంటారు, సంచిలో పెట్టుకుని వస్తారు. ఈ పొద్దు స్టేజీ మీద ఒక పాప వేసుకున్న గౌను చేతులు మోచేతులు దాటి దిగి ఉంటే కొందరు నవ్వారు. నవ్వొద్దు. ఆ గౌనుకు బైబిల్లో సాక్ష్యం ఉంది.

బిడ్డను దూరాన పెట్టడం పేదవాళ్లకే ఉందనుకోకండి. మనకు ఈ బళ్లు పెట్టినవాళ్లకూ ఉండింది. 1853లో స్కడ్డర్ అన్నదమ్ములు ఆర్కాట్ మిషన్ మొదలుపెట్టారు. డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెకు పోయి అక్కడ పని మొదలుపెట్టాడు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు, అది 1911లో కదా వచ్చింది. పలమనేరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. ఆ దొరలు, దొరసానులు తమ బిడ్డల్ని చదువుకోసం ఓడెక్కించి అమెరికా పంపేవాళ్లు. ఐడా స్కడ్డర్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమెను చికాగోలో బంధువుల ఇంట వదిలి తల్లి ఇండియాకు వచ్చేసింది. ఆ రాత్రి ఆ పిల్ల తల్లి దిండును కరుచుకుని ఏడ్చింది. నేను ఇండియాకు జన్మలో పోను అనుకుంది. ఆ పిల్లే వెల్లూరు ఆసుపత్రి కట్టింది. మీలో వెల్లూరు బస్సెక్కని ఇల్లు ఏదైనా ఉందా?

చేంబర్లేన్ గారి గురించి ఇంకొక్క మాట. 1873 నుంచి 1894 దాకా తెలుగు బైబిలు సవరణ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. అంటే హన్నా కథను తెలుగులో ఎట్లా చెప్పాలని తల పట్టుకుని కూర్చున్నవాళ్లలో మన మదనపల్లె డాక్టరు ఒకడు. పగలు రోగులు, రాత్రి వ్యాకరణం. ఆర్కాట్ మిషన్ సెమినరీ 1880ల చివర్లో మొదట పెట్టింది కూడా మన పలమనేరులోనే. తర్వాత వెల్లూరుకు తరలిపోయింది. ఆ కాలంలో పల్లెల్లో ఉపదేశి అనేవాడు ఒక్కడే: ఆదివారం వాక్యం, మిగతా రోజులు పలక. ఊరి బడి గడప తొక్కనివ్వని మాలమాదిగల బిడ్డల చేతికి పలక అందింది ఆ ఉపదేశి చేతిమీదుగానే. మన తాతల్లో చాలామంది సంతకం అక్కడ నేర్చిందే. ఇది మరిచిపోయి "మా బడి, మా బిల్డింగు" అంటే కుదరదు.

సరే, షిలోహుకు పోదాం. హన్నా బిడ్డను వదిలిన చోటు పవిత్రంగా ఉండిందా? లేదు. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు. వాళ్ల సంగతి గ్రంథం దాచలేదు. బలి మాంసం ఉడుకుతుంటే వాళ్ల పనివాడు మూడు ముళ్ల కొంకి తెచ్చి కుండలో గుచ్చేవాడు, ఎంత వస్తే అంత యాజకుడికి. ఇది చాలక పచ్చిమాంసమే ఇమ్మని దబాయించేవాళ్లు. తల్లి అంగీ తొడుక్కున్న ఆ చిన్నోడు ఈ కొంకిని రోజూ చూస్తూ పెరిగాడు.

అందుకే నేను వంటగది గురించి మాట్లాడతాను, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. బడి పిల్లలకు వండిన అన్నమే పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003 నుంచి మన రాష్ట్రంలో బళ్లలో వంట మొదలైంది. మన ఎయిడెడ్ బళ్లకూ వచ్చింది. ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మగారి పేరు. ఆమె గోదావరి లంకల్లో ఏ వేళప్పుడు ఎవరొచ్చినా వండి పెట్టిన తల్లి. హిందూ ఇల్లాలు. క్రైస్తవ బడిలో రోజూ ఆ పేరు మీద కంచం పెడుతున్నాం, నాకు చాలా గర్వంగా ఉంది. కానీ కంచం పెట్టేటప్పుడు అడగాల్సింది ఒకటే. ఆ గుడ్డు ఈ బిడ్డ కంచంలోకే పడిందా? బియ్యం మూట కట్టు విప్పింది ఎవరు? పప్పు గిన్నె కాడ కొంకి పట్టుకుని ఎవరైనా నిలబడ్డారా? పెద్దోళ్లు ఎవరూ చూడలేదనుకుంటారు. వరసలో కంచం పట్టుకున్న రెండో తరగతి బిడ్డ చూస్తాడు. మన వంట అక్కయ్యలు ఆ పరీక్షలో నెగ్గారు, బిల్లులు ఆలస్యమైన నెలల్లో అంగట్లో అప్పు పెట్టి కూడా పొయ్యి ఆపలేదు. వాళ్లకు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టుంటే బాగుండేది.

ఇప్పుడు ఏలీ. కొడుకుల్ని దారిలో పెట్టలేకపోయిన తండ్రి. కళ్లు మసకబారాయి. నేను ఆయన్ను తిట్టుకుంటూనే చాలాకాలం చదివాను. మూడో అధ్యాయం కాడ నా నోరు మూతబడింది. రాత్రి, మందిరంలో దీపం ఇంకా ఆరలేదు. బిడ్డకు పిలుపు వినిపించింది. లేచి ఏలీ కాడికి పరిగెత్తాడు, పిలిచారా అని. లేదు, పోయి పడుకో. మళ్లీ వచ్చాడు. పోయి పడుకో. మూడోసారీ వచ్చాడు. టీచర్లూ, మీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, నడిరాత్రి మూడోసారి నిద్ర లేపిన పిల్లోణ్ణి మనం ఏం చేస్తాం? ఆ ముసలాయన కసరలేదు. ఆలోచించాడు. పిలిచేది తాను కాదు, అబద్ధమాడేది పిల్లోడూ కాదు, అంటే పిలుస్తున్నది దేవుడు. ఈసారి పిలిస్తే ఏమని బదులు చెప్పాలో నేర్పి పంపాడు. తనకు వినపడని పిలుపును బిడ్డ విన్నాడని ఒప్పుకున్నాడు. టీచరుకు ఇంతకన్నా కష్టమైన పని ఉందా?

ఐడా స్కడ్డర్ కూడా ఒక రాత్రి మూడు పిలుపులు విన్నది. తిండివనంలో. చదువు ముగించి తల్లిని చూడటానికి వచ్చింది, తిరిగి పోదామనే. ఒక బ్రాహ్మణుడు వచ్చి తలుపు తట్టాడు, నా భార్య కాన్పు కష్టంగా ఉంది, రండమ్మా అని. నేను డాక్టర్ని కాదు, మా నాయన డాక్టరు అన్నది. మగ డాక్టరు వద్దు అన్నాడు ఆయన. తర్వాత ఒక ముస్లిం, తర్వాత ఇంకొక హిందువు. ముగ్గురిదీ ఒకే మాట. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడబిడ్డలూ లేరు. ఆమె పోయి వైద్యం చదివి 1900లో వెల్లూరుకు తిరిగొచ్చింది. తల్లి దిండు పట్టుకుని ఏడ్చిన రోజున ఈ పిల్లకు ప్రోగ్రెస్ కార్డు రాయమని ఉంటే, మనం ఏమి రాసి ఉంటాం చెప్పండి! "మొండిపిల్ల. ఏడుపు జాస్తి."

నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్రోగ్రెస్ కార్డు పోయిన ఏడాది కొలత. అది కావాలి, కాదనను. హన్నా కుట్టింది మాత్రం రాబోయే ఏడాది కొలతకు. తల్లయినా టీచరైనా సంఘమైనా, బిడ్డ ఇప్పుడు ఉన్నదాని కన్నా రెండు వేళ్లు పెద్దగా కుట్టాలి. లెక్కలు రావని రాసిన బిడ్డ చేతికి జూన్‌లో లెక్కల పుస్తకమే ఇవ్వాలి, చీపురు కాదు. రాయలేడని పట్టుగూళ్ల షెడ్డుకు తోలెయ్యడం, ఐదో తరగతి అయింది చాలు అని ఆడపిల్లను ఇంట్లో పెట్టుకోవడం, ఇవన్నీ పోయినేటి కొలతతో కుట్టిన చొక్కాలు.

బడి సంగతి కూడా అంతే. చదువుల మీద వచ్చిన 1854 ఉడ్ పత్రం తర్వాత సర్కారు గ్రాంటు పుట్టి, మన మిషన్ బళ్లు దానితో బతికాయి. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ బళ్లను తనకు అప్పగించమని ఉత్తర్వులిచ్చింది. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, ఆఖరుకు యాజమాన్యాలు తమ దారి తాము ఎంచుకోవచ్చన్నారు. ఇప్పుడు రిటైరైన టీచరు కుర్చీ ఖాళీగా ఉంటోంది. సర్కారును అనడం తేలిక. కానీ ఆ కుర్చీలో కూర్చునే బిడ్డను మన సంఘంలో ఎవరైనా తయారు చేస్తున్నారా? చర్చి పండక్కి పందిరికి, మైకు సెట్టుకు చందా ఎంత పోతుందో నాకు తెలుసు. డీఎస్సీకి చదివే ఒక పేదపిల్ల కోచింగు ఫీజు ఎంతో కమిటీ అయ్యగార్లను ఒకసారి కనుక్కోమంటున్నాను. ఇది ప్రార్థన మనవి కాదు, పైసల మనవి.

సమూయేలు ఆ రాత్రి తర్వాత ఏం చేశాడో చూశారా? తెల్లారేదాకా పడుకుని, లేచి మందిరం తలుపులు తెరిచాడు. దేవుని స్వరం విన్న పిల్లోడు, రాజులకు అభిషేకం చెయ్యబోయేవాడు, పొద్దున్నే తలుపులు తెరిచే పని మానలేదు. ఐదో తరగతి పిల్లలూ, గంట కొట్టే డ్యూటీ, నీళ్ల కుండ నింపే డ్యూటీ ఇన్నాళ్లూ మీదే. వచ్చే జూన్‌లో మీరు పెద్దబడికి పోతారు. కొందరు మదనపల్లెకు, కొందరు పుంగనూరుకు, ఇద్దరు ముగ్గురు అమ్మానాయనలతో బెంగళూరుకు. ఆ డ్యూటీ ఎవరికి అప్పగించారు? నాలుగో తరగతికా? కాగితం మీద రాశారా? రాయకుంటే ఇప్పుడు పోయి రాయండి, టీసీ తర్వాత.

టీసీలు ఆఫీసు గదిలో ఇస్తారు. కులం, పుట్టినతేదీ, ఇంటిపేరు అన్నీ సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి, తప్పు పడితే పదో తరగతిలో ఏడుస్తారు. బెంగళూరు బస్సుకు పోయే తల్లులు ముందు రండి, వాళ్లకు దారి వదలండి. మే నెలలో సెలవుల బైబిలు బడి వీబీఎస్‌కు అన్ని మతాల పిల్లలూ రావచ్చు, మధ్యాహ్నం భోజనం ఉంటుంది. ఐదో తరగతి పిల్లలు ఇప్పుడు ఇటు ముందుకొచ్చి మోకరించండి. వంట అక్కయ్యలు కూడా రావాలి, గరిటె పక్కన పెట్టి రండమ్మా. పాస్టరమ్మగారూ, ఆ పొడుగు చేతుల గౌను పాపను నా పక్కన నిలబెట్టండి. ప్రార్థన చేద్దాం.