ఇథియోపియా పొద్దు లెక్క

ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పడానికి మన తెలుగు అధ్యాపకులు ఎందరో వెళ్లారు. అక్కడ ముందుగా నేర్చుకోవలసింది గడియారం చూడటం. ఆ దేశంలో గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. ‘రేపు రెండింటికి రండి’ అన్నారంటే ఎనిమిదికల్లా క్లాసులో ఉండాలి. క్యాలెండరూ వేరే: ఏడాదికి 13 నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబరులో. ఇక పేర్ల సంగతి: ఇంటిపేరు చాలామందికి ఉండదు. పేరు పక్కనుండేది తండ్రి పేరు, దాంతో పిలిస్తే నాన్నను పిలిచినట్టే.

నాకు అన్నిటికన్నా నచ్చేది వాళ్ల భోజనం. టెఫ్ అనే చిరుధాన్యపు పిండి పులియబెట్టి పోసిన ఇంజెరా అట్టు చుట్టూ అందరూ కూర్చుని ఒకే పళ్లెంలో తింటారు. ఇంటికొచ్చిన గురువుకు ముద్ద చుట్టి స్వయంగా నోట్లో పెడతారు. ఎంగిలి పట్టింపుతో పెరిగిన మనవాళ్లు మొదట తటపటాయిస్తారు, సహజమే. అయినా ఆ ముద్దలో ఉన్నది ఆప్యాయత, గౌరవం. కాదనకూడదు. బుధ, శుక్రవారాలు ఆర్థడాక్సు క్రైస్తవులకు ఉపవాస దినాలు. మాంసం, పాలు ముట్టరు. మన శాకాహారులకు ఆ రెండు రోజులూ హోటళ్లలో పప్పుకూరలకు కొదవుండదు.

మీ ఇంటివాళ్లెవరైనా పరాయి దేశంలో చదువు చెబుతుంటే, ఈసారి ఫోన్‌లో జీతం సంగతులతో పాటు, అక్కడ ఎవరింట్లో భోంచేశారో కూడా అడగండి.