ఆపమనే హక్కు

అమెరికాలో మా ఆయనా నేనూ ఒకే ట్రక్కు నడుపుతాం. ఒకరు స్టీరింగు పడితే ఇంకొకరికి వెనక బెర్తులో నిద్ర. 10 గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలకు మించి నడపకూడదని చట్టం. గంటల్ని యంత్రం లెక్కపెడుతుంది, కునికిపాట్లను కాదు.

ఒక రాత్రి, టెక్సాస్‌లో అమరిల్లో దాటాక, రోడ్డు అంచు గాళ్ల మీద చక్రాలు బర్రుమన్నాయి. మెలకువ వచ్చినా, అడిగితే చిన్నబుచ్చుకుంటారని కళ్లు మూసుకున్నాను. అదే నమ్మకమనుకున్నాను. కానీ పక్క కారులో నిద్రపోయే పిల్లల ప్రాణాలతో మొహమాటపడే హక్కు నాకెక్కడిది?

మళ్లీ బర్రుమంది. "ఏవండీ, ఆపండి" అన్నాను. ఆపారు. సరుకు ఆలస్యమైంది, మాట పడ్డాం.

అప్పటినుంచి మా ఇద్దరికీ ఒకటే ఒప్పందం: ఎవరు ఆపమన్నా రెండోవారు ఎందుకని అడగకూడదు.