ఒక తొట్టా, రెండు తొట్లా?

మా ఇంట్లో వంట మా ఆవిడది, అంట్లు నావి. అమెరికా వచ్చిన కొత్తలో కుదిరిన ఈ ఒప్పందం ఇప్పటిదాకా నడుస్తోంది. అందుకే న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోని మా పాత ఇంటికి వంటగది మార్పించాలనుకున్నప్పుడు గట్టు బండలు, అలమారాలు, పొయ్యి అన్నీ ఆవిడే చూసుకుని సింకు మాత్రం నాకు వదిలేసింది. పెట్టిన షరతు ఒక్కటే: ఫామ్‌హౌస్ సింకు కావాలి.

ఫామ్‌హౌస్ సింకంటే ముందు గోడ అలమారా లోపల దాక్కోకుండా బయటికి కనబడే పెద్ద తొట్టి. దీని పూర్వీకులు ఇంగ్లండులోనూ ఐర్లండులోనూ ఉన్నారు. బెల్‌ఫాస్ట్ సింకుకి నీళ్ళు ఎక్కువైతే పోయే దారి ఉంటుంది, లండన్ బట్లర్ సింకుకి ఉండదు. లండన్‌లో నీటికి కరువు కాబట్టి వృథాగా పోయే దారి పెట్టలేదని చెబుతారు. ముందు గట్టు అడ్డు ఉండదు కనుక తోమేవాళ్ళు తొట్టికి ఆనుకుని నిలబడొచ్చు, బండ మీదుగా వంగక్కర్లేదు. నాకు నచ్చిన గుణం అదొక్కటే. మిగతా సోకంతా ఫొటోల కోసం.

ఆ నెలల్లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. "ఏదైనా కొనుక్కో నాయనా, రెండు తొట్లది మాత్రం కొనుక్కో. ఎంగిలి కంచాలూ దేవుడి గిన్నెలూ ఒకేదాంట్లో పడేస్తావా?" అంది.

షోరూంకి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళాను. రెండు తొట్లవి చూపించమంటే అమ్మే అతను నా మొహమూ, మా అమ్మ బొట్టూ మార్చి మార్చి చూసి, "కోషర్ వంటిల్లా?" అని అడిగి తనే నవ్వేశాడు. లేక్‌వుడ్, టీనెక్ వైపు యూదుల ఇళ్ళకి అతను సింకులు జంటలుగా అమ్ముతాడట. కోషర్, అంటే వాళ్ళ ఆహార నియమం, ప్రకారం ఒకటి మాంసానికి, ఒకటి పాలకి. మేకపిల్లని దాని తల్లి పాలలో వండవద్దన్న మాట వాళ్ళ ధర్మగ్రంథమైన తోరాలో మూడు చోట్ల వస్తుంది. వాళ్ళ మతగురువులైన రబ్బీలు ఆ మాటని పట్టుకుని గిన్నెల్ని విడదీశారు, గరిటెల్ని విడదీశారు, స్తోమతు ఉన్నచోట సింకుల్నీ విడదీశారు. "అయితే ఈ తెల్ల ఫైర్‌క్లేవి, అంటే కాల్చిన మట్టివి, వాళ్ళు పెద్దగా కొనరు. స్టీలే అడుగుతారు" అన్నాడు.

కారణం తోరాలోనే లేవీయకాండం ఆరో అధ్యాయంలో ఉంది. పాపపరిహార బలి మాంసం మట్టికుండలో వండితే ఆ కుండని పగలగొట్టాలి, కంచు పాత్రలో వండితే తోమి కడిగితే చాలు. మట్టి పీల్చుకుంటుంది, పీల్చుకున్నది వదలదు. లోహం వదులుతుంది. ఆ లెక్కన పింగాణీ సింకు కూడా మట్టిపాత్రే అని చాలామంది రబ్బీలు తేల్చారు. ఒకసారి అంటు పడితే దానికి శుద్ధి లేదు కనుక, అలాంటి సింకు ఉన్న ఇంట్లో లోపల వేరే టబ్బు పెట్టుకుని కడుక్కుంటారు. స్టీలు సింకుకైతే మరిగే నీళ్ళు పోస్తే సరిపోతుంది.

ఇదంతా అమ్మకి తెలుగులో చెప్పాను. "మరి? మట్టిదైతే పారేస్తాం, ఇత్తడిదైతే తోముకుంటాం. ఇందులో కొత్తేముంది?" అంది.

నిజమే, కొత్తేమీ లేదు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్రవ్యశుద్ధి అని ఒక భాగం ఉంది. లోహాలకి బూడిద, పులుపు, క్షారం, నీళ్ళు. మట్టిపాత్రకి మళ్ళీ కాల్చడం. ఉమ్ము, నెత్తురు లాంటివి తగిలితే కాల్చినా పనికిరాదు. పులుపంటే మనింట్లో చింతపండు, దాంట్లో ఉండేది టార్టారిక్ ఆమ్లం. ఇక్కడ నేను గిన్నెలకి వాడే పొడి 1882 నుంచి అమ్ముతున్నారు, దాంట్లో ఉండేది ఆక్సాలిక్ ఆమ్లం. సముద్రాలకి ఇటూ అటూ రాగి ఒకలాగే మెరుస్తుంది.

మరి ఈ ఫైర్‌క్లే సింకుని ఏమనాలి? పుట్టుక మట్టే, కానీ వెయ్యి డిగ్రీల పైన కాలి, ఒంటినిండా గాజుపూత వేసుకుని వచ్చింది. చుక్క నీరు పీల్చదు. మట్టి అనాలా, గాజు అనాలా? రబ్బీలకి ఈ చర్చ ఉంది. మా ఇంట్లో చర్చ లేకుండానే తీర్పు ఉండేది. మా నాయనమ్మ పింగాణీ కప్పులో కాఫీ ముట్టేది కాదు, ఏడాది ఆవకాయ మాత్రం పింగాణీ జాడీలోనే పెట్టేది. వాసెన గుడ్డ కట్టి, మడి కట్టుకున్న మనిషి తప్ప ఇంకెవరూ తాకకూడదనేది. కప్పుదీ జాడీదీ ఇంచుమించు ఒకే మట్టి, ఒకే రకం పూత. ఒకదానికి ఎంగిలి, రెండోదానికి మడి.

మూడో రకం కూడా చూశాం, ఎనామిల్ పూసిన పోత ఇనుముది. 1883లో విస్కాన్సిన్‌లో జాన్ మైఖేల్ కోలర్ అనే ఆయన గుర్రాలకి నీళ్ళు పెట్టడానికీ, కోసిన పందుల్ని వేడినీళ్ళలో ముంచడానికీ వాడే తొట్టికి ఎనామిల్ పూసి, నాలుగు కాళ్ళు తగిలిస్తే స్నానపు తొట్టిగా పనికొస్తుందని అమ్మాడని ఆ కంపెనీవాళ్ళే గర్వంగా చెప్పుకుంటారు. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు.

ఎంగిలి అంటే క్రిములు, మడి అంటే శుభ్రత, మన పెద్దలకి అప్పుడే సైన్సు తెలుసు అని వాదించేవాళ్ళు ఇక్కడి తెలుగు సమావేశాల్లో కూడా తగులుతుంటారు. నియమాన్ని కాపాడబోయి దాన్ని చంపేది వీళ్ళే. గొడవ క్రిములతోనే అయితే వేడినీళ్ళు, సబ్బు వచ్చిన రోజునే తీరిపోయేది. మా నాయనమ్మ మనసులో ఉన్నది క్రిమి కాదు, క్రమం. ముందు దేవుడికి, తర్వాత అతిథికి, ఆ తర్వాత మనకి. ఒకరు తిన్నది ఇంకొకరికి పెట్టకూడదు, ఎవరూ తిననిది దేవుడికి పెట్టాలి. దీంట్లో మర్యాద ఉంది. దేవుడి పట్ల, అతిథి పట్ల చూపించే ఆ మర్యాదతో నాకు పేచీ లేదు.

పేచీ నూతి చప్టా దగ్గర. తెనాలి ఇంట్లో అంట్లన్నీ పొద్దున్నే చప్టా మీద పడేవి. ఒకావిడ వచ్చి కొబ్బరి పీచు, బూడిద, చింతపండుతో తోమి, కడిగి, వసారా గట్టు మీద బోర్లించి వెళ్ళేది. ఆవిడ వీధిలోకి వెళ్ళాక నాయనమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ గిన్నెల మీద చల్లి లోపలికి తీసుకునేది. గిన్నె నిన్నటి ఎంగిలిది, బూడిద పూసుకున్నది, నేల మీద దొర్లినది. నాలుగు చుక్కలు పడగానే వంటింట్లోకి నడిచి వెళ్ళిపోయింది. పొద్దుటినుంచి మోచేతుల దాకా నీళ్ళలోనే ఉన్న చెయ్యి మాత్రం గడప దాటలేదు. ఏ శాస్త్రం చదివినా గిన్నెకి దొరికిన వెసులుబాటు ఆ చేతికి దొరకడం నాకు కనబడలేదు. బూడిద, పులుపు, నిప్పు, నీళ్ళు అని వస్తువులకి ఇన్ని మార్గాలు ఓపిగ్గా రాసినవాళ్ళు, కొందరు మనుషుల దగ్గరికి వచ్చేసరికి కలం ఆపేశారు.

అంతటితో ఆగలేదు కూడా. 1927 మార్చి 20న అంబేద్కర్ మహారాష్ట్రలోని మహాడ్‌లో, దళితుల్ని ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్ళు తాగాక, ఊరివాళ్ళు పంచగవ్యం కలిపిన 108 కుండలు ఆ చెరువులో కుమ్మరించి శుద్ధి చేశారు. అన్నిటినీ కడిగే నీటికే కడుగుడు పెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 25న అదే మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. నేను పైన అంత సరదాగా చెప్పుకొచ్చిన అయిదో అధ్యాయం కూడా ఆ మంటలోనే ఉంది.

పురాణాలకి ఈ చిక్కు తెలియదని కాదు. అరణ్యవాసంలో ద్రౌపది తిని, అక్షయపాత్ర కడిగేశాక దుర్వాసుడు శిష్యుల్ని వెంటబెట్టుకుని దిగుతాడు. కృష్ణుడు ఆ గిన్నె తెప్పించి, అంచున అంటుకుని మిగిలిపోయిన కూర పిసరు నోట్లో వేసుకుంటే అందరి కడుపులూ నిండుతాయి. అంట్లు తోమేవాడిగా నాకు ఈ కథ మహా ఇష్టం. సరిగ్గా తోమని గిన్నె లోకాన్ని కాపాడిన సందర్భం ఇంకెక్కడా లేదు. ఇక శ్రీకాళహస్తి తిన్నడు పుక్కిట పట్టి తెచ్చిన నీళ్ళతో అభిషేకం చేశాడు, రుచి చూసిన మాంసం నైవేద్యం పెట్టాడు, కన్నప్ప అయ్యాడు. అక్కడి శివుడికి ఇవాళ్టికీ అర్చకులు మడితోనే అభిషేకం చేస్తారు. మినహాయింపుని కథకి ఇచ్చేసి, నియమాన్ని వంటింట్లో ఉంచుకున్నాం.

ఎడిసన్‌లో నూతి చప్టా లేదు, వసారా గట్టూ లేదు. పొద్దున స్నానం చేసి దీపం పెట్టేదీ, రాత్రి ఎంగిలి కంచాలు తోమేదీ ఈ చేతులే. రెండు తొట్లు పెట్టించి గిన్నెల్ని విడదీయగలను, చేతుల్ని ఎలా విడదీసేది? ఇదే అమ్మతో అన్నాను. "చేతులు కడుక్కుంటే పోతుందిరా" అంది. ఆ మాట నూతి దగ్గర ఆవిడకి ఎవరూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అత్తగారి ఇల్లది, నా ఇల్లు కాదు" అంది. ఆ జవాబులో ఎంత నిజం ఉందో, ఎంత తప్పించుకోవడం ఉందో తేల్చే హక్కు నాకు లేదు. ఆ ఇంటి గడప దాటేటప్పుడు నన్నూ ఎవరూ ఆపలేదు.

చివరికి ఒకే తొట్టిది కొన్నాను. 33 అంగుళాల వెడల్పు, 16 గేజి స్టీలు, ముందు గోడ బయటికి కనబడేది. ఇడ్లీ పాత్ర, పులిహోర కలిపే బేసిను, పెద్ద మూకుడు దాంట్లో అడ్డంగా పడతాయి, రెండు తొట్లదాంట్లో పట్టవు. తెల్లది కాదని మా ఆవిడ అలిగింది. ఫైర్‌క్లే అయితే నూరు పౌండ్ల పైన బరువు, కింద ప్రత్యేకంగా చట్రం కట్టాలి. పైగా కుక్కరు చెయ్యి జారితే సింకు అంచైనా పోతుంది, కుక్కరైనా సొట్టపడుతుంది. మోషే, మనువు ఇద్దరూ స్టీలు వైపే ఉన్నారని ఆవిడకి చెప్పాను, పని చెయ్యలేదు.

అమ్మ తన రాగి చెంబునీ, దేవుడి గిన్నెల్నీ పెరట్లో పైపు దగ్గర విడిగా తోముకోవడం మొదలుపెట్టింది. నేను అడ్డు చెప్పలేదు. నవంబరులో గొట్టాలు గడ్డకట్టి పగలకుండా ఇక్కడ బయటి పైపు కట్టేస్తారు. అప్పటినుంచి అవీ ఈ సింకులోకే వచ్చాయి, మా కంచాల తర్వాత.

ఇప్పుడు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కట్టే అపార్టుమెంట్లలో యుటిలిటీ అని ఒక బాల్కనీ ఉంటోంది. మంచి సింకు వంటింట్లో ఇంటివాళ్ళకి, నాసిరకంది అక్కడ పనిమనిషికి. నూతి చప్టా అయిదో అంతస్తుకి ఎక్కింది. మీరు వంటిల్లు మార్పించుకుంటుంటే నాదొక మనవి. ఇక్కడ గట్టు మామూలుగా 36 అంగుళాల ఎత్తులో ఉంటుంది. తొట్టి పది అంగుళాల లోతుంటే చెయ్యి 26 అంగుళాల దాకా దిగాలి, పొడుగు మనిషికి నడుం పట్టేస్తుంది. కాబట్టి సింకు కొనే రోజున మీ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారో వాళ్ళనే షోరూంకి తీసుకెళ్ళి, దాని ముందు నిలబెట్టి, చెయ్యి అడుగుదాకా పెట్టి చూడమనండి. వాళ్ళు సరేనన్నాకే డబ్బు కట్టండి.